బస్తీ హాల్ల సాయంత్రం చదువు: 35 మంది పిల్లలు, ఆరుగురు వాలంటీర్లు, ముందు ఏం చెయ్యాలె?

#1 శివనగర్_యూత్
అందరికి నమస్తే. వరంగల్ స్టేషన్ అండర్‌బ్రిడ్జి అవతల మా బస్తీల కమ్యూనిటీ హాలు సాయంత్రాలు ఖాళీగ ఉంటది. 20 అడుగులకు 30 అడుగులు, రెండు ట్యూబ్‌లైట్లు, ఒక ఫ్యాను. జూన్ 12న బళ్లు తెరిచినంక చదువు కేంద్రం మొదలుపెడదామని యూత్ అసోసియేషన్ అనుకుంటున్నది. పేరు రాయించుకున్నోళ్లు 35 మంది. ఐదో తరగతి నుంచి తొమ్మిది దాక చదివేటోళ్లు 27, బడి మానేసినోళ్లు 8 (వయసు 12 నుంచి 17). వాలంటీర్లు ఆరుగురు, అందరు డిగ్రీ, బీఎడ్ పిల్లలే.
అడిగేది మూడు: హోంవర్కు చేయించాల్నా, అక్షరాల నుంచి చెప్పాల్నా? బడి మానేసినోళ్లను ఏం చెయ్యాలె? వాలంటీర్లు నడుమల పోతే ఎట్ల?

#2 చాక్‌పీసు
హోంవర్కుతో మొదలుపెడితే రెండు నెలల్లో అది ఉచిత ట్యూషన్ అయిపోతుంది. చదవడం వచ్చిన పిల్లలే ముందు కూర్చుంటారు, రానివాళ్లు పక్కవాడి నోట్సు చూసి దించుకుని ఇంటికి పోతారు. కేంద్రం ఎవరికోసం పెట్టామో వాళ్లకే పనికిరాకుండా పోతుంది.
మొదటి రెండు సాయంత్రాలు బోధన పెట్టుకోకండి. ఒక్కో పిల్లవాడిని విడిగా కూర్చోబెట్టి ఎక్కడున్నాడో చూడండి. ప్రథమ్ సంస్థ 2005 నుంచి అసర్ సర్వేలో వాడుతున్న పద్ధతే తేలిక. ఒక కాగితం మీద నాలుగు గడులు: అక్షరాలు, చిన్న పదాలు, నాలుగు వాక్యాల పేరా (ఒకటో తరగతి స్థాయి), ఏడెనిమిది వాక్యాల కథ (రెండో తరగతి స్థాయి). అక్షరాలతో మొదలుపెట్టవద్దు, పేరా ఇవ్వండి. ధారగా చదివితే కథకు పోవాలి, తడబడితే పదాలకు దిగాలి. ఐదు పదాల్లో కనీసం నాలుగైనా సరిగ్గా చదవకపోతే అక్షరాలు. లెక్కల్లో కూడా నడుమ నుంచే: అప్పు తీసుకునే రెండంకెల తీసివేతలు రెండు ఇచ్చి, రెండూ సరిగ్గా చేస్తే మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించమనాలి. చేయకపోతే 10 నుంచి 99 వరకు అంకెలు గుర్తుపట్టమనాలి.
చదవడానికి ఐదు నిమిషాలు, లెక్కకు ఐదు. 35 మందికి 350 నిమిషాలు, ఆరుగురు వాలంటీర్లు పంచుకుంటే తలా గంట. పరీక్ష అనే మాట మాత్రం వాడకండి. ఆ మాట వినగానే బడిలో వెనకబెంచీ పిల్లలు రెండో రోజు నుంచి రారు.
తర్వాత గుంపులు చేసేది తరగతిని బట్టి కాదు, ఈ కాగితాన్ని బట్టి. ఏడో తరగతి పిల్లవాడు ఐదో తరగతి పాపతో కలిసి పదాలు చదవాల్సి వస్తుంది. పెద్దవాడికి నామోషీ కాకుండా గుంపులకు 1, 2, 3 అని కాక చెరువుల పేర్లు పెట్టండి: భద్రకాళి, వడ్డేపల్లి, ధర్మసాగర్.

#3 ఆర్పీ_అక్క
తమ్మీ, సార్ చెప్పింది మంచిగనే ఉన్నది గని అంతకన్న ముందు పని ఒకటున్నది. మెప్మా (పట్టణాల పేదరికం తీసేటందుకు సర్కారు పెట్టిన సంస్థ) సంఘాల మీటింగుకు పోండ్రి. మీ బస్తీల పొదుపు సంఘాలన్ని కలిసి స్లమ్ లెవెల్ ఫెడరేషన్ ఉంటది. నెల మీటింగుల పది నిమిషాలు అడుక్కొని తల్లులకు చెప్పుండ్రి: ఏ టైముకు తోలాలె, ఏ టైముకు ఇంటికి వస్తరు, ఎవలు తోడు వస్తరు.
టైము మీరు ఖరారు చెయ్యకుండ్రి, తల్లులనే అడుగుండ్రి. ఆరు గంటలకు నల్లా వస్తే ఆడపిల్లలు బిందెల కాడ ఉంటరు, కేంద్రానికి ఎవ్వలు రారు. పనికి పోయే తల్లి ఏడింటికి గని ఇల్లు చేరదు, చిన్న పిల్లలను చూసుకునుడు పెద్ద బిడ్డ మీదనే పడుతది. అట్లాంటి ఇంటి నుంచి బిడ్డ రావాల్నంటె తమ్ముణ్ణి గూడ తెచ్చుకొమ్మని చెప్పాలె, వాడికి ఓ మూలకు బొమ్మల పుస్తకాలు పెట్టాలె. ఎనిమిది కొట్టకముందే ఇడిసిపెట్టుండ్రి. ఆడపిల్లలను ఒక్కొక్కల్లను పంపకుండ గల్లీ వారీగ జట్టుకట్టి పంపుండ్రి.
ఇంకోటి, రాసుకోండ్రి. హాల్ల ఎప్పుడు ఇద్దరు పెద్దోళ్లు ఉండాలె, అండ్ల ఒక ఆడమనిషి. వాలంటీరు పిల్లలను బండి మీద ఎక్కించుకొని తిప్పుడు, ఒక్కరితోని ఫోన్ల చాటింగు చేసుడు బందు. పిల్లల సాయం కోసం ఉన్న 1098 ఫోన్ నంబరు గోడ మీద పెద్దగ రాసి పెట్టుండ్రి.

#4 టెక్_హన్మకొండ
ఇంత మాన్యువల్‌గా ఎందుకు అండి? టాబ్లెట్లు ఐదారు దొరికితే యాప్‌లో ఎవరి స్థాయిలో వాళ్లు నేర్చుకుంటారు కదా. నిట్, కాకతీయ యూనివర్సిటీ ఉన్న ఊర్లో అడిగితే ఇచ్చేవాళ్లు ఉంటారు.

#5 చాక్‌పీసు
ఐదు టాబ్లెట్లకు 35 మంది అంటే ఒక్కో దాని చుట్టూ ఏడుగురు. చేతిలో పట్టుకున్నవాడే నొక్కుతాడు, మిగతా ఆరుగురు చూస్తారు. పైగా చదవడం రాని పిల్లవాడు బొమ్మను బట్టి జవాబు ఊహిస్తాడు, యాప్ మార్కు వేసేస్తుంది. టాబ్లెట్లు వస్తే రానివ్వండి కానీ మూడో నెల తర్వాత, పేరా చదవగలిగే గుంపుకే. అప్పటిదాకా చాపలు, 4×3 అడుగుల బోర్డు ఒకటి, గుంపుకో గుణింతాల పట్టిక, తలా ఒక పలక చాలు. పలక ఎందుకంటే తప్పు రాస్తే తుడిచేయవచ్చు. నోట్‌బుక్కులో ఎర్ర గీత పడితే అది ఇంట్లో అందరికీ కనిపిస్తుంది.

#6 శివనగర్_యూత్
చాక్‌పీసు సార్, అక్షరాల గుంపుకు రోజు ఏం చెప్పాలె? మా వాలంటీర్లకు అఆలు దిద్దించుడు ఒక్కటే తెలుసు.

#7 చాక్‌పీసు
దిద్దించడం దగ్గరే ఆగిపోతే పిల్లవాడి చేయి నేర్చుకుంటుంది, కన్ను నేర్చుకోదు. తెలుగులో పిల్లలు ఎక్కడ పడిపోతారో వాలంటీర్లకు ముందే చెప్పండి.
ఒకటి, పోలికలు. ప–వ–ష, థ–ధ, అన్నిటికన్నా ముఖ్యం మ–వు. వకారానికి కొమ్ము ఇస్తే మకారంలాగే కనబడుతుంది. 'ఆవు'ను 'ఆమ' అని చదివే పిల్లవాడికి బుర్ర లేక కాదు, ఆ తేడా ఎవరూ వేలు పెట్టి చూపించలేదు. ఇలాంటి జంటలను పక్కపక్కన రాసి తేడా ఎక్కడుందో వాళ్లతోనే చెప్పించండి.
రెండు, గుణింతం. క గుణింతం పాటలా అప్పజెప్పే పిల్లవాడిని 'కే' చూపించి అడిగితే మొదటి నుంచి పాడుకుంటూ వస్తాడు. అందుకే పట్టికను అడ్డంగానే కాదు, నిలువుగా కూడా చదివించాలి: కే, గే, చే, జే, తే. కళ్లు మూసి వేలు పెట్టమనే ఆట ఆడించండి, వేలు పడ్డ అక్షరంతో ఒక పదం చెప్పాలి.
మూడు, వత్తులు. ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే. త, న, మ, య, ర, ల వత్తులు అసలు అక్షరం ఆకారంలో ఉండవు, వాటిని విడిగా నేర్పాలి. ఇంకో చిక్కు ఉంది. 'రాస్తూ'లో దీర్ఘం కంటికి సకారం మీద కనబడుతుంది, నోటికి తకారం మీద పలుకుతుంది. పిల్లవాడు 'రాసూత' అన్నాడంటే కనిపించింది కనిపించినట్టు చదివాడని అర్థం. పై అక్షరం సగం, కింది అక్షరానికే అచ్చు అని ఓ పది పదాలతో చేయిస్తే పట్టుకుంటారు: పుస్తకం, బస్తీ, దోస్తు, రాస్తూ...
'వస్తున్నాడు' అని అచ్చులో ఉంటే 'వస్తుండు' అని చదివితే తప్పు వేయకండి. అర్థం పట్టుకుని తన భాషలోకి మార్చుకున్నాడు. ఒకసారి అచ్చులో ఉన్నట్టు చదివి వినిపించి ముందుకు పోండి. ఇంట్లో లంబాడీ, ఉర్దూ మాట్లాడే పిల్లలకు మాత్రం చదవడానికి ముందు ఆ కథ నోటితో చెప్పాలి. తెలియని మాటను కూడబలుక్కుని చదివితే వట్టి శబ్దమే మిగులుతుంది.
గంటన్నరలో పది నిమిషాలు కథ చెప్పడం, 40 నిమిషాలు చదువు, 30 లెక్కలు, చివరి పది నిమిషాలు ఎవరికి నచ్చిన పుస్తకం వాళ్లది. ఆ చివరి పది నిమిషాలు ఎగ్గొట్టకండి.

#8 లెక్కల_పంతులు
లెక్కల సంగతి నేను అందుకుంటాను. 52 – 27 ఇవ్వండి. సగం మంది 35 అంటారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేస్తారు. పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలని మొదట్లో నేర్పిన మాటే ఇక్కడ అడ్డం తిరుగుతుంది. బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా ఇది పోదు. చీపురు పుల్లలు పదేసి రబ్బరుబ్యాండు వేసి కట్టలు కట్టించండి. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఏడు ఇవ్వాలంటే ఒక కట్ట విప్పక తప్పదు, అప్పుడు విడివి 12. ఇది చేత్తో నాలుగైదు రోజులు చేసినంక పలక మీదికి రావాలి. గుంపుకు 100 పుల్లలు, పది రబ్బరుబ్యాండ్లు సరిపోతాయి.
భాగహారంలో పెద్ద తప్పు సున్నాది. 824ను 8తో భాగిస్తే 13 అని వేస్తారు. రెండులో ఎనిమిది పోనప్పుడు పైన సున్నా వేయడం మరిచిపోతారు. చేసే ముందే 'వంద కన్నా ఎక్కువొస్తుందా, తక్కువొస్తుందా' అని అడగండి. ఎక్కువ అన్న పిల్లవాడు 13 చూసి తనే ఆగుతాడు.
ఇంకో సంగతి వాలంటీర్లు గమనించరు. 2022–23లో సర్కారు బళ్లలో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది, పుస్తకాలు రెండు భాషల్లో ఉంటాయి. అందుకే 'నలభై ఏడు' రాయమంటే బిత్తరపోయేవాడు 'ఫార్టీ సెవెన్' అంటే రాస్తాడు, అటుదిటు కూడా ఉంటారు. రెండు విధాలా అడిగాకే రాదని రాసుకోండి.
పెద్ద పిల్లలకు పుస్తకం లెక్కలకన్నా ఎనుమాముల మార్కెట్ లెక్కలు పెట్టండి. మిర్చి క్వింటాలు 14,000 అనుకుంటే 38 కిలోల బస్తా ఎంత? కిలో 140, పైకం 5,320. తరుగు రెండు కిలోలు పోతే? కొత్తవాడ దర్రీలు (జంపఖానాలు) వైశాల్యానికి బాగా పనికొస్తాయి, గళ్ల కాగితం మీద డిజైను వేయించి గడులు లెక్కించమనండి. ఒక హెచ్చరిక: 3×6 అడుగుల దర్రీ తీసుకోకండి. దాని వైశాల్యం 18 చదరపు అడుగులు, చుట్టుకొలత కూడా 18 అడుగులే. రెండూ ఒకటే అనుకుంటారు. 4×6 తీసుకుంటే 24, 20 వస్తాయి, గొడవ లేదు.

#9 ప్రశ్న_ఉంది
అందరూ మంచి మాటలే చెప్తున్నారు. నా అడ్డం ప్రశ్న ఒకటి. ఐదేళ్లు బడికి పోయిన పిల్లకు చదవడం రాకపోతే అది బడి బాధ్యత కాదా? ప్రాథమిక బడుల్లో చదవడం, లెక్కలు నేర్పడానికి తొలిమెట్టు అనే కార్యక్రమం పెట్టింది సర్కారే కదా. ఆ పనిని బస్తీ యువకులు ఊరికే చేసిపెడితే బడిని ఎవరూ అడగరు. 2022లో యునెస్కో లెర్నింగ్ సిటీల (అన్ని వయసులవాళ్లకూ చదువు అందించే నగరాల) జాబితాలో వరంగల్ పేరు చేరింది, సంతోషం. ఆ పేరు శివనగర్ గల్లీ దాకా రావాలంటే వాలంటీర్లతో అయ్యే పనేనా?

#10 ఆర్పీ_అక్క
నువ్వన్నది నిజమే అన్న. గని బడిని అడుగుడు అంటే గేటు కాడ లొల్లి పెట్టుడు కాదు. విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ కింద స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీల ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలె, సగం మంది ఆడోళ్లు ఉండాలె. 2024ల అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టిన్రు. దానికి మహిళా సమాఖ్య అధ్యక్షురాలే చైర్‌పర్సను, హెడ్‌మాస్టరు కన్వీనరు. అంటే మన సంఘం మనిషి కుర్సీల కూసోనే ఉన్నది. ఆమె చేతుల కాయితం లేక మాట్లాడుతలేదు, గంతే.

#11 చాక్‌పీసు
ఆ కాగితం కేంద్రమే ఇవ్వవచ్చు. మూడు నెలలకోసారి స్థాయిల పట్టిక తయారుచేయండి, పిల్లల పేర్లు లేకుండా. '6, 7 తరగతుల పిల్లలు 14 మంది, అందులో కథ చదివేవాళ్లు ఇంతమంది, పదాల దగ్గరున్నవాళ్లు ఇంతమంది' అని ఒక్క పేజీ. అది కమిటీ చైర్‌పర్సన్ చేతికీ, హెడ్‌మాస్టరు చేతికీ ఒకే రోజు చేరాలి. తప్పు పట్టే మాట ఒక్కటి కూడా రాయకండి. 'ఈ 14 మందికి వారంలో రెండు పీరియడ్లు చదవడానికి ఇవ్వగలరా' అని ఒక్క కోరిక పెట్టండి. పెద్ద అర్జీ ఫైల్లోకి పోతుంది, చిన్న కోరికకు అవునో కాదో జవాబు చెప్పాల్సి వస్తుంది.

#12 ఓపెన్_బడి
ఆ ఎనిమిది మంది గురించి ఇంకా ఎవరూ మాట్లాడలేదు. వాళ్లను రెండుగా విడగొట్టండి.
14 ఏళ్ల లోపు వాళ్లకు సాయంత్రం కేంద్రం పరిష్కారం కాదు, బడికే పంపాలి. విద్యా హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. అది కనీసం మూడు నెలలు, అవసరమైతే రెండేళ్ల దాకా. టీసీ ఆలస్యమైందని (5వ సెక్షన్), వయసు ధ్రువపత్రం లేదని (14వ సెక్షన్) చేర్చుకోకుండా పంపేయడానికి వీల్లేదు. నోటితో వాదించకండి. తెల్లకాగితం మీద చేరిక దరఖాస్తు రాసి రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ అడగండి. సంతకం అడిగే సరికే చాలాసార్లు చేర్చుకుంటారు. చదువు ఆగిపోయిన ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాల్లో ఉండి చదువుకునే వీలు ఉంది, సీట్ల సంగతి జూన్‌లోనే కనుక్కోండి.
14 నిండినవాళ్లకు తెలంగాణ ఓపెన్ స్కూల్. పదికి 14 ఏళ్లు, ఇంటర్‌కు 15 నిండాలి. ఐదు సబ్జెక్టులు, క్లాసులు ఆదివారాలు, సెలవు రోజుల్లో ఉంటాయి కాబట్టి పనికి పోయేవాళ్లకు కుదురుతుంది. పాసైన సబ్జెక్టు మళ్లీ రాయనక్కర్లేదు.
బెడిసికొట్టేది ఎక్కడంటే మధ్యవర్తుల దగ్గర. 'క్లాసులకు రానక్కర్లేదు, పాస్ గ్యారంటీ' అని పైసలు తీసుకునేవాళ్లు తిరుగుతుంటారు. ఫీజు ఆన్‌లైన్ రసీదు పిల్లవాడి పేరు మీద లేకపోతే కట్టనట్టే లెక్క. రెండో చిక్కు పేరు: ఆధార్‌లో ఒకటి, పాత బడి రికార్డులో ఇంకొకటి, పుట్టిన తేదీ రెండింట్లో రెండు తీరులు. మెమో వచ్చాక దిద్దుకోవడానికి ఏళ్లు పడుతుంది. దరఖాస్తుకు ముందే రెండూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి.
ఇంకో మాట. చదవడం రాని 16 ఏళ్ల పిల్లవాడిని నేరుగా ఓపెన్ టెన్త్‌లో వేయకండి. ముందు నాలుగు నెలలు చాక్‌పీసు గారు చెప్పిన గుంపులో కూర్చోబెట్టి, కథ దాకా వచ్చాక కట్టించండి. లేకపోతే ఒక ఫెయిల్ మెమో తప్ప ఏమీ మిగలదు.

#13 ఫిట్టర్_కాజీపేట
అందరు పది పాస్ మీదనే పడుతున్నరు. వెల్డర్, వైర్‌మన్ లాంటి ట్రేడులకు ఎనిమిది పాసైతే చాలు, ఐటీఐల చేరొచ్చు. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్‌కు పది గావాలె, అండ్ల లెక్కలు, సైన్సు ఉండాలె. ఓపెన్ పదిల సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడు సులువని లెక్కలు ఇడిసిపెడితే ఆ దర్వాజ మూసుకపోతది. ముందుగాల్నే అడుగుండ్రి: బిడ్డా, ఏ పనికి పోదామనుకుంటున్నవు? అది బట్టి సబ్జెక్టు.
కేంద్రంల గూడ ట్రేడుకు పనికొచ్చే చదువు పెట్టొచ్చు. టేపు పట్టుకొని హాలు కొలిపించుండ్రి. 20 అడుగులంటె ఎన్ని మీటర్లు (దాదాపు 6.1), ఇంచుకు ఎన్ని మిల్లీమీటర్లు (25.4). గ్యారేజీల పనిచేసే పోరగాళ్లకు పానా సైజులు నోటికొస్తయి గని, 10 పానా అంటె ఏం పదో చెప్పరు. మిల్లీమీటర్లని ఒక్కసారి స్కేలు మీద పెట్టి చూపిస్తె దశాంశాలు అక్కడి నుంచే ఎక్కుతయి.

#14 ఓపెన్_బడి
ఫిట్టర్ అన్నా, లెక్కల సంగతి బాగా గుర్తు చేశారు. ఒక్కటి కలుపుతాను: ఎనిమిది పాస్ అంటే గుర్తింపు ఉన్న బడి నుంచి కాగితం ఉండాలి. ఏడులోనే ఆపేసినవాడికి ఆ దారి లేదు.

#15 శివనగర్_యూత్
మస్తు క్లియర్ అయింది. వాలంటీర్ల ముచ్చట మిగిలింది. పుస్తకాలు గూడ ఎక్కడి నుంచి తేవాలె?

#16 లెక్కల_పంతులు
ఆరుగురినీ రోజూ రమ్మంటే దసరాకే ముగ్గురు మిగులుతారు. సోమ–బుధ–శుక్ర ముగ్గురు, మంగళ–గురు–శని ముగ్గురు. ఏ వాలంటీరుకు ఏ గుంపో అదే ఏడాదంతా. గుంపుకో డైరీ, రోజుకు నాలుగు లైన్లు: ఏం చెప్పాం, ఎవరికి రాలేదు, రేపు ఎక్కడ మొదలు, ఎవరు రాలేదు. మర్నాటి వాలంటీరు అది చదవకుండా బోర్డు ముట్టుకోవద్దు. సెమిస్టర్ పరీక్షల తేదీలు జూన్‌లోనే క్యాలెండరు మీద రాసుకుని, ఆ వారాలు పెద్ద పిల్లలు కథ చదివి చిన్నవాళ్లకు వినిపించే వారాలుగా పెట్టుకోండి.
మీ వాలంటీర్లలో ఎన్‌ఎస్‌ఎస్‌లో ఉన్నవాళ్లకు ఏడాదికి 120 గంటల సేవ ఉంటుంది. వారానికి మూడు రోజులు, గంటన్నర చొప్పున 27 వారాల్లో ఆ గంటలు నిండుతాయి. ముందే ప్రోగ్రాం ఆఫీసరుతో మాట్లాడి గంటల రిజిస్టరు పెట్టండి. సర్టిఫికెట్ ఆశ తప్పేమీ కాదు, మనుషులు నిలబడతారు.

#17 ప్రశ్న_ఉంది
పుస్తకాలకు చందా ఎత్తకండి. ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా మనమే కడుతున్నాం, అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. కేంద్రాన్ని పుస్తక నిక్షేప కేంద్రంగా తీసుకుని పిల్లల పుస్తకాలు మార్చి మార్చి ఇవ్వమని సంస్థకు దరఖాస్తు పెట్టండి. 1904లోనే హన్మకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం పెట్టుకున్న ఊరు మనది. పుస్తకం అడగడానికి మొహమాటం ఎందుకు? పోయిన పుస్తకాలకు ఎవరు బాధ్యులో మాత్రం దరఖాస్తులోనే రాయండి, ఫైలు ఆగేది అక్కడే. అడ్డం ప్రశ్న వేసినోడిని కాబట్టి దరఖాస్తు రాసే పని నేను చేసిపెడతాను.

#18 శివనగర్_యూత్
థాంక్స్ అన్న. అయితే ఇట్ల అనుకుంటున్నం: మొదటి వారం సంఘం మీటింగు, రెండో వారం రెండు సాయంత్రాలు స్థాయి చూసుడు, మూడో వారం నుంచి మూడు గుంపులు. ఆ నాలుగు గడుల కాయితం ఫోన్ల టైపు చేసి 35 కాపీలు తీపిస్త.

#19 చాక్‌పీసు
35 వద్దు, వాలంటీరుకు ఒకటి చొప్పున ఆరు చాలు. కాగితం వాలంటీరు చేతిలోనే ఉండాలి, ఫలితం రిజిస్టరులో రాసుకోవాలి. పిల్లల చేతికిస్తే సాయంత్రానికి బస్తీ అంతా కంఠస్థం పట్టేస్తారు. అందుకే కథలు కూడా రెండు రకాలు ఉంచుకోండి. అక్షరాలు 24 సైజుకు తగ్గకుండా, లైనుకూ లైనుకూ మధ్య బాగా ఖాళీ వదిలి టైపు చేయండి, లేకపోతే పై లైను వత్తులు కింది లైను గుడులకు తగులుతాయి. కాపీ మీద కాపీ తీస్తే ముందు మాసిపోయేవి వత్తులే, ఆరు కాపీలూ ఒరిజినల్ నుంచే తీయించండి.